ఆరుగురి తోలుబొమ్మలాట బృందం ఫ్రాన్స్ వెళ్లాలంటే డబ్బు ఎవరిని అడగాలి?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. అనంతపురం ప్రాంతానికి చెందిన ఆరుగురు సభ్యుల తోలుబొమ్మలాట బృందానికి ఫ్రాన్స్‌లోని ఒక బొమ్మలాట ఉత్సవం నుంచి పిలుపు వచ్చింది; బస, భోజనం, కొంత పారితోషికం తామిస్తామని, విమాన ఛార్జీలు మాత్రం మీరే చూసుకోవాలని నిర్వాహకులు రాశారు; చేతిలో ఏడు నెలల సమయం ఉంది. ఇది మొదటిది. బృందానికి సమన్వయకర్తగా ఉన్న మీరు, 29 ఏళ్ల వయసులో, తోలు వస్తువుల పరిరక్షణను బ్రిటన్‌లో రెండు నెలలపాటు నేర్చుకోవాలనుకుంటున్నారు, ఇది రెండవది. ఈ రెండింటినీ ఒకే దరఖాస్తుతో సాధించవచ్చా అని కూడా అడిగారు. సాధించలేరు. బృందాన్ని పంపే సొమ్ము వేరు, వ్యక్తిని పంపే సొమ్ము వేరు. ఇచ్చేవారు వేరు, వారు చూసే లెక్కలూ వేరు. ఇరవై ఏళ్లకు పైగా జానపద బృందాలను పైదేశాలకు తీసుకువెళ్లే పని చేస్తున్నాను కనుక, నాకు తెలిసిన దారి వివరంగా రాస్తున్నాను.

అందరూ మొదట చేసే పని ఇంటర్నెట్‌లో గ్రాంట్ల కోసం వెతకడం. నా అనుభవంలో మొదట చేయవలసిన పని, వచ్చిన ఆహ్వాన పత్రాన్ని వెనక్కి పంపి మళ్లీ రాయించుకోవడం. డబ్బిచ్చే ప్రతి సంస్థా, వీసా ఇచ్చే అధికారీ, చివరికి విమానాశ్రయంలో కస్టమ్స్ వారూ చూసేది ఆ ఒక్క కాగితాన్నే. "మిమ్మల్ని సాదరంగా ఆహ్వానిస్తున్నాము" అన్న నాలుగు వాక్యాల పత్రానికి ఎవరూ పైసా ఇవ్వరు. ఆరుగురి పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా, ఒక్కొక్కరు చేసే పని (పాట, మృదంగం, హార్మోనియం, బొమ్మలాడించడం), ప్రదర్శనల తేదీలు, వేదికల పేర్లు, నిర్వాహకులు భరించే ఖర్చులు ఒక్కొక్కటిగా, రోజు బత్తా ఎంత, పారితోషికం ఎంత, వారు భరించనిది ఏది అన్నవన్నీ అందులో ఉండాలి. "విమాన ఛార్జీల విషయంలో బృందం భారతదేశంలోని సంస్థల సహాయం కోరుతున్నది, ఆ సహాయం లభించినట్లయితే మిగిలిన ఖర్చు మేము పూర్తిగా భరిస్తాము" అన్న వాక్యం రాయించుకోగలిగితే సగం పని అయినట్టే, ఎందుకంటే తమ రూపాయి పడితే అవతలివారి రూపాయి కూడా కచ్చితంగా పడుతుందన్న హామీయే దాతకు కావలసింది.

ఆ ఉత్తరంతోపాటు ఇంకో రెండు సంగతులు అడగండి. ఫ్రాన్స్‌లో నగరపాలక సంస్థలు, ప్రాంతీయ ప్రభుత్వాలు, సాంస్కృతిక శాఖ కూడా ఉత్సవాలకు నిధులిస్తాయి; అయితే అక్కడి సొమ్మును అక్కడివారే అడగగలరు, మనం ఎంత చక్కగా రాసినా మన దరఖాస్తు తీసుకోరు. కాబట్టి విదేశీ బృందాల ప్రయాణం కోసం వారి వైపు నుంచి ఏమైనా అడగగలరా అని వారినే అడగండి. రెండవది, మీ తేదీలకు ముందూ వెనకా మరో రెండు మూడు ఊళ్లలో ప్రదర్శనలు కుదర్చగలరేమో చూడమనండి. విమాన ఛార్జీ ఒక ఊరికైనా నాలుగు ఊళ్లకైనా ఒకటే కనుక, నలుగురు నిర్వాహకులు దాన్ని పంచుకుంటే ఒక్కొక్కరి మీద పడే భారం చిన్నదైపోతుంది. బొమ్మలాట లోకంలో ఇది కష్టమేమీ కాదు. 1929లో ప్రాగ్‌లో పుట్టిన అంతర్జాతీయ బొమ్మలాట సంఘం యునిమా ప్రధాన కార్యాలయం ఇప్పుడు ఫ్రాన్స్‌లోని షార్లెవిల్-మెజియేర్ పట్టణంలోనే ఉంది. ఆ రంగంలోని నిర్వాహకులు ఒకరికొకరు బాగా తెలుసు.

ఫ్రాన్స్ విషయంలో మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడే చెప్పాలి. అక్కడి కార్మిక చట్టం ప్రకారం వేదికెక్కిన కళాకారుడిని ఉద్యోగిగానే భావిస్తారు. అందువల్ల నిర్వాహకులు ఒక్కొక్క కళాకారుడికి విడిగా డబ్బిస్తే అది జీతమవుతుంది, దానిపై సామాజిక భద్రత చందాలు కట్టవలసి వస్తుంది, చేతికొచ్చే మొత్తం తగ్గుతుంది. అలా కాకుండా ప్రదర్శనను ఒక సంస్థ నుంచి మొత్తంగా కొనుక్కున్నట్లు ఒప్పందం రాసుకునే పద్ధతి కూడా ఉంది. అందుకు మీ బృందం నమోదైన సొసైటీ అయి ఉండాలి, దానికి పాన్, బ్యాంకు ఖాతా ఉండాలి. మీకు సొసైటీ ఉందో లేదో ప్రశ్నలో రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే నమోదు చేయించండి.

ఇక మన దేశంలో అడగవలసిన మొదటి తలుపు భారత సాంస్కృతిక సంబంధాల మండలి, అందరూ ఐసీసీఆర్ అని పిలిచే సంస్థ. మౌలానా అబుల్ కలాం ఆజాద్ చొరవతో 1950లో ఏర్పడిన ఈ మండలి విదేశాంగ శాఖ కింద పనిచేస్తుంది, సాంస్కృతిక శాఖ కింద కాదు. ఈ తేడా తెలియక చాలామంది ఏళ్ల తరబడి తప్పు కార్యాలయం చుట్టూ తిరుగుతారు. కళాకారులను, బృందాలను పరిశీలించి మండలి ఒక జాబితాలో చేర్చుకుంటుంది. ఆ జాబితాలో పేరున్న బృందాలనే సాధారణంగా విదేశాలకు పంపుతుంది. రెండు దేశాల మధ్య సాంస్కృతిక వినిమయంలో పాతకాలం నుంచి ఉన్న వాడుక ఏమిటంటే, పంపేవారు విమాన ఛార్జీ పెట్టుకుంటారు, పిలిచినవారు బస, భోజనం, స్థానిక రవాణా చూసుకుంటారు. మీ ఉత్సవంవారు ఇస్తామన్నది సరిగ్గా రెండో సగమే కనుక మీ అభ్యర్థన వారి పద్ధతికి అచ్చంగా సరిపోతుంది. హైదరాబాద్‌లో మండలికి ప్రాంతీయ కార్యాలయం ఉంది. ముందుగా అక్కడికి మనిషే వెళ్లి మాట్లాడడం మంచిది.

అయితే మీ పేరు ఇంకా జాబితాలో లేకపోతే ఏడు నెలలలో చేరి, ఎంపికై, టికెట్లు పొందడం కష్టమే. దరఖాస్తు ఎలాగూ పెట్టండి, అది ఈ ప్రయాణానికి కాకపోయినా తర్వాతి ప్రయాణానికి పనికొస్తుంది. దానితోపాటు ఒక పక్కదారి కూడా ఉంది. విదేశాల నుంచి మండలికి చేరే అభ్యర్థనలలో ఎక్కువ భాగం ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం ద్వారానే వస్తాయి. కాబట్టి ఉత్సవ నిర్వాహకులే పారిస్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఉత్తరం రాసి, మీ బృందం రావడం తమకెందుకు ముఖ్యమో చెప్పి, సిఫారసు చేయమని అడగాలి. మనం ఇక్కడి నుంచి పది ఉత్తరాలు రాసినా రాని కదలిక అక్కడి నుంచి వచ్చిన ఒక్క ఉత్తరంతో రావడం నేను చూశాను. దరఖాస్తుతో పంపే వీడియో విషయంలో ఒక్క మాట: సెల్‌ఫోనులో తెర వెనక నుంచి తీసినది పంపకండి. తెర ముందు నుంచి, చీకట్లో, దీపపు వెలుగు బొమ్మల రంగుల గుండా దిగేలా పది నిమిషాలు తీయించండి; పది నిమిషాలలోనే ఒక పద్యం, ఒక యుద్ధం, ఒకసారి కేతిగాడు, బంగారక్కల హాస్యం ఉండాలి. ఎంపిక సంఘంలో కూర్చునేవారికి తెలుగు రాకపోవచ్చు, కాని ఆట ఎవరికైనా తెలుస్తుంది.

కేంద్ర సాంస్కృతిక శాఖ విదేశాలలో భారత ఉత్సవాలు జరిపే పద్ధతి 1982లో బ్రిటన్‌తో మొదలైంది. ఆ కార్యక్రమాలకు బృందాలను వారే ఎంచుకుంటారు కనుక మీకు వచ్చిన విడి పిలుపుకు అది అంతగా ఉపయోగపడదు. సంగీత నాటక అకాడమీ, తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ప్రధానంగా దేశంలోపలి ప్రదర్శనలు చూసుకుంటాయి; వారి వేదికల మీద ఆడినట్లు ధ్రువపత్రాలుంటే జతచేయండి, అంతే. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు తప్పక అర్జీ పెట్టండి, కాని ఆ సొమ్మును లెక్కలో వేసుకోకండి. వారి సిఫారసు ఉత్తరం మాత్రం వీసాకూ, ఐసీసీఆర్‌కూ రెండింటికీ పనికొస్తుంది. నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ రావడం, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లోనే భౌగోళిక గుర్తింపు లభించడం మీ దరఖాస్తులో ఒక్క వాక్యంగా రాయండి. కళ స్థాయి తెలియని అధికారికి అది చాలా తొందరగా అర్థమయ్యే మాట.

యూరప్ గ్రాంట్లు వందల్లో కనిపిస్తున్నాయని రాశారు. అవి కనిపిస్తాయి, కాని వాటిలో ఎక్కువ భాగం మీకు వర్తించవు. ఉదాహరణకు, యూరోపియన్ యూనియన్ 2022లో మొదలుపెట్టిన కల్చర్ మూవ్స్ యూరప్ పథకం పేరు వినగానే ఆశ పుడుతుంది. అది ఆ యూనియన్ కళలకు, సంస్కృతికి నిధులిచ్చే క్రియేటివ్ యూరప్ కార్యక్రమంలో భాగమైన దేశాలలో నివసించే కళాకారులకు మాత్రమే. ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, నివాసం. అంటే జర్మనీలో నివసించే తెలుగు చిత్రకారుడు అర్హుడు కావచ్చు, ధర్మవరంలో ఉండే మీరు కారు. ఏ గ్రాంటు ప్రకటన తెరిచినా ముందు "ఎవరు అర్హులు" అన్న భాగంలో నివాసం గురించి ఏం రాశారో చదవండి, తర్వాతే మిగతాది. ఆన్ ద మూవ్ అనే సంస్థ కళాకారుల ప్రయాణాలకు దొరికే సహాయాన్ని దేశాలవారీగా మార్గదర్శికలుగా వేసి ఉచితంగా అందిస్తుంది. గూగుల్ మీద గంటలు గడపడం కంటే అది మేలు.

డబ్బు దొరికిన తర్వాత వచ్చే చిక్కులు దొరక్కముందు వచ్చేవాటికంటే ఎక్కువ. విదేశీ నిర్వాహకులు మీ సొసైటీ ఖాతాకు "గ్రాంటు" అని రాసి సొమ్ము పంపితే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. చేసిన పనికి ఒప్పందం ప్రకారం వచ్చే రుసుము వేరు, విరాళం వేరు. కాబట్టి ఒప్పందంలోనూ, బ్యాంకు బదిలీ కాగితంలోనూ "ప్రదర్శన రుసుము" అనే మాటే ఉండేలా చూసుకోండి, సంతకం పెట్టేముందు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించండి. అన్నింటికంటే సులువు, టికెట్లకు సొమ్మిస్తామన్న నిర్వాహకులెవరైనా ఉంటే వారినే నేరుగా కొనమనడం. అప్పుడు డబ్బు సరిహద్దు దాటే పనే ఉండదు.

మీ హార్మోనియం వాద్యకారుడు ప్రభుత్వ ఉపాధ్యాయుడని రాశారు. ఈ సంగతి చిన్నది కాదు. పైన చెప్పిన విదేశీ విరాళాల చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి విదేశీ సంస్థ ఖర్చుతో ప్రయాణమో, ఉచిత బసో, భోజనమో స్వీకరించాలంటే కేంద్ర హోంశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఎఫ్‌సీ-2 ఫారం పెట్టాలి. శాఖాపరమైన సెలవు, నిరభ్యంతర పత్రం దీనికి అదనం. మండల విద్యాధికారి దగ్గర మొదలై పైకి వెళ్లి కిందికి రావలసిన ఫైలు అది. దసరా సెలవుల ముందు కదులుతుందని నమ్మకం పెట్టుకోకండి.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. విదేశీ కళాకారుల పారితోషికంలో కొంత భాగాన్ని చాలా దేశాలు ముందే మినహాయించుకుంటాయి. భారతదేశం కుదుర్చుకున్న పలు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాలలో, స్వదేశపు ప్రభుత్వ నిధులతో ప్రధానంగా సాగిన పర్యటన అయితే అక్కడ పన్ను ఉండదన్న నిబంధన కనిపిస్తుంది. ఐసీసీఆర్ సహాయం దొరికితే అది ఈ విధంగా కూడా కలిసివస్తుంది. ఎలాగైనా, అక్కడ కోసిన పన్నుకు రసీదు తీసుకోకుండా విమానం ఎక్కకండి.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతాను. కొత్తలో ఒక బృందాన్ని తీసుకువెళ్లినప్పుడు, ప్రయాణ ఖర్చులో ముప్పాతిక భాగం ఇస్తామని ఒక సంస్థ ఉత్తరమిచ్చింది. దాన్ని చూసుకుని సంబరపడ్డాను. చివరి పేరాలో, ఖర్చు చేసిన తర్వాత బోర్డింగ్ పాసులు, అసలు బిల్లులు సమర్పిస్తే చెల్లిస్తామని రాసి ఉంది. టికెట్లకు ఎనిమిదిమంది దగ్గర చేబదులు తీసుకున్నాను. తిరిగి వచ్చాక చూస్తే, మద్దెల వాయించే పెద్దాయన తన బోర్డింగ్ పాసును మడిచి వక్కపొడి పొట్లం కట్టుకున్నారు. ఆ ఒక్క ముక్క లేదని మొత్తం ఫైలు నాలుగు నెలలు ఆగింది, వడ్డీ నా జేబులోంచి పోయింది. అప్పటి నుంచి విమానం దిగగానే అందరి దగ్గరా పాసులు నేనే వసూలు చేసి, అక్కడికక్కడే ఫొటో తీసి, ఒక కవరులో పెడతాను. మీకు దొరికే సహాయం ముందు చేతికొస్తుందా, తర్వాత వస్తుందా అన్నది మొత్తం ఎంత అన్నదానితో సమానంగా చూడండి.

బొమ్మల సంగతికి వస్తే, ఆరడుగుల బొమ్మలను తీసుకువెళ్లే పెట్టె మామూలు సామాను కొలతల్లో ఇమడదు. కీళ్ల దగ్గర దారాలు విప్పి కాళ్లు, చేతులు మడిచి, ఈత చాపల మధ్య పరిచి కడితే రెండు పెట్టెల్లో సర్దవచ్చు. అయినా అదనపు సామాను ఛార్జీని బడ్జెట్‌లో ప్రత్యేకంగా చూపండి, దాతలు దీన్ని కాదనరు, మనమే రాయడం మరచిపోతాము. ఇవి తాత్కాలికంగా వెళ్లి తిరిగివచ్చే వస్తువులని చూపే ఏటీఏ కార్నె పత్రాన్ని మన దేశంలో వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య ఫిక్కీ జారీ చేస్తుంది. ఏడాదిపాటు చెల్లుతుంది, హామీ సొమ్ము కట్టాలి. జాబితాలో రాసిన ప్రతి వస్తువూ లెక్క ప్రకారం తిరిగి రావాలి. మా బృందంలోని పెద్దావిడ, తమకు వారం రోజులు అన్నం పెట్టిన ఇంటి పిల్లకు ముచ్చటపడి బంగారక్క బొమ్మ ఇచ్చి వచ్చింది. ఆవిడ మంచితనాన్ని ఎవరు తప్పుపడతారు? కాని తిరుగు ప్రయాణంలో జాబితా 41 అంటే పెట్టెల్లో 40 ఉన్నాయి, ఆ ఒక్క బొమ్మకు నేను రాసుకున్న ఉత్తరాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి. కానుకలకు, అమ్మకానికి తీసుకువెళ్లేవి ఈ జాబితాలో కలపకండి, వాటిని విడిగా చూపండి.

దానికంటే ముఖ్యమైనది, మీ పెట్టెలో తాతల నాటి బొమ్మలు ఉంటే వాటిని ఇంట్లోనే ఉంచండి. పూర్వం రాముడు, కృష్ణుడు వంటి దేవతల బొమ్మలను జింక తోలుతో చేసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అలాంటిది దేశం దాటించడం నేరం. మేక తోలుతో చేసిన కొత్త బొమ్మలనే తీసుకువెళ్లండి, అవి మేక తోలువేనని చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డుతో పాటు ఒక ధ్రువీకరణ రాయించుకోండి. నెమలి ఈకలు, ఉడుము తోలు కట్టిన కంజిర కూడా అంతే.

ఇప్పుడు మీ సొంత ప్రయాణం. దీనికి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు మీకు సరిగ్గా తగినదని నా అభిప్రాయం. భారతదేశంలో వ్యాపారం చేసి 1916లో మరణించిన చార్లెస్ వాలెస్ వదిలి వెళ్లిన ఆస్తి నుంచి 1981లో ఏర్పడిన ఈ ట్రస్టు, కళలు, వారసత్వ పరిరక్షణ, మానవీయ శాస్త్రాలలో తొలిదశలోనో, మధ్యదశలోనో ఉన్న భారతీయులు బ్రిటన్‌లో గడపడానికి సహాయం చేస్తుంది. చదువుకు మాత్రమే కాదు, కొద్ది వారాల వృత్తిపరమైన పర్యటనలకు కూడా ఇస్తుంది. అయితే అక్కడి మ్యూజియంగాని, పరిరక్షణ కేంద్రంగాని మిమ్మల్ని తీసుకుంటామని రాసిన ఉత్తరం ముందు మీ చేతిలో ఉండాలి, మళ్లీ ఆహ్వాన పత్రం దగ్గరికే వచ్చాము. "నేర్చుకోవాలని ఉంది" అని రాయకండి. మీ ఇంట్లో పురుగు తిన్న బొమ్మ ఒకటి, తేమకు ముడుచుకుపోయిన బొమ్మ ఒకటి ఫొటోలు పెట్టి, వీటిని ఎలా కాపాడాలో మాకు తెలియడం లేదు, మీ దగ్గర నేర్చుకుని వచ్చి మా ఊళ్లో ఇన్ని కుటుంబాలకు నేర్పుతాను అని రాయండి. అమెరికా వైపు ఆలోచన ఉంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌లలో కళలు, సంస్కృతి నిర్వహణకు చోటుంది, కాని అది ఏడాది ముందు నుంచి సాగే వ్యవహారం. స్విట్జర్లాండ్‌తో పనిచేయాలనుకునేవారికి స్విస్ కళా మండలి ప్రో హెల్వేషియా ఢిల్లీ కార్యాలయం రెసిడెన్సీలు, అంటే కొంతకాలం అక్కడే ఉండి పనిచేసుకునే అవకాశాలు, ఇస్తుంది. రెసిడెన్సీల జాబితాలకు రెస్ ఆర్టిస్, ట్రాన్స్ ఆర్టిస్ట్స్ అనే వెబ్‌సైట్లు చూడండి. వాటిలో బస ఉచితమైనవి, మన దగ్గరే అద్దె తీసుకునేవి కలిసి ఉంటాయి, జాగ్రత్త.

విదేశాల్లోని తెలుగు సంఘాలను అడగవచ్చా అని కూడా రాశారు. అడగవచ్చు. ఒక ఆదివారం సాయంత్రం ప్రదర్శన పెట్టించి చందాలు వసూలు చేయగలరు, భోజనం కరివేపాకు వాసనతో దొరుకుతుంది. కాని ఆ ప్రదర్శన కూడా వీసా దరఖాస్తులో కనబడాలి. అమెరికాలో ఇది మరీ పట్టింపుగా ఉంటుంది. అక్కడ సంప్రదాయ కళాబృందాలు ప్రదర్శించడానికి పీ-3 అనే ప్రత్యేక వీసా ఉంది, పిలిచిన సంస్థే ముందుగా అక్కడి ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి, పారితోషికంలో సాధారణంగా 30 శాతం పన్నుగా ఆపుతారు. కళాబృందం పేరుతో మనుషులను దాటించినవారి పుణ్యమా అని కాన్సులేట్లు నిజమైన కళాకారులను కూడా అనుమానంతోనే చూస్తాయి.

ఇంకొక రకం ఆహ్వానాలు కూడా మీకు వస్తుంటాయి. పాల్గొనే రుసుము ఇంత, బస ఇంత, జ్ఞాపిక, శాలువా, బిరుదు మా తరఫున అని రాసేవి. అది విహారయాత్ర, సాంస్కృతిక వినిమయం కాదు. అప్పు చేసి వెళ్లి శాలువాతో తిరిగి వచ్చిన బృందాలు నాకు తెలుసు.

వీసా పని చివరికి వదలకండి. ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. రుసుము 2024 జూన్ నుంచి పెద్దవారికి 90 యూరోలు, ఆరుగురికి 540, సేవా రుసుము అదనం. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కళాకారులకు ఆదాయపు పన్ను రిటర్నులు ఉండవు కనుక చేతివృత్తి గుర్తింపు కార్డు, పింఛను వస్తుంటే ఆ పుస్తకం, పొలం పాసుపుస్తకం, పాత ప్రదర్శనల పత్రికా వార్తలు జతచేయండి. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఇంటిపేరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఒక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు: యాభై ఏళ్లు తోలు గీకి, ఉలితో చిల్లులు కొట్టిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. మా పెద్దాయన వేళ్లను యంత్రం ఏడుసార్లు కాదంది, ఆ రోజుకు వెనక్కి పంపించారు. అపాయింట్‌మెంటుకు పది రోజుల ముందు నుంచి ఉలి పట్టనివ్వకుండా రాత్రిళ్లు కొబ్బరినూనె రాయించాము, రెండోసారికి ముద్రలు పడ్డాయి. మీ బృందంలో బొమ్మలు చేసే పెద్దవారికే మొదటి అపాయింట్‌మెంటు తీయండి, మళ్లీ వెళ్లవలసివస్తే వ్యవధి ఉంటుంది.